కాళ్లకు మాడ్రిడ్, కడుపుకు లిస్బన్: ఐదు రోజుల సెలవుకి ఏ ఊరు వెళ్లాలి?

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో సాయంత్రం ఏడున్నరకి నాన్నకి ఆకలేసింది. ఇంటి దగ్గరైతే ఆ వేళకి అమ్మ కంచాలు పెట్టేస్తుంది. మేం దిగిన వీధిలో హోటళ్లకేం కొదవలేదు. అన్నిట్లో దీపాలు వెలుగుతున్నాయి, జనం గుమ్మాల దాకా నిలబడి కబుర్లాడుకుంటున్నారు. వంట మాత్రం ఎక్కడా మొదలవలేదు. ఒకచోట ఎనిమిదిన్నరకి రమ్మన్నారు, ఇంకోచోట తొమ్మిదికి. చివరికి బేకరీలో రొట్టె, పక్క కొట్లో పెరుగు, అరటిపళ్లు కొనుక్కుని గదికి వెళ్లి తిన్నాం. రాత్రి పదింటికి కిటికీ కిందనుంచి వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తే నాన్న లేచి కూర్చుని, "ఇప్పుడు వండుతున్నారా వీళ్లు!" అన్నారు.

మూడు వారాల తర్వాత పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లాం. అదే ఏడున్నరకి ఒక చిన్న హోటల్లో కూర్చుంటే పది నిమిషాల్లో వేడి సూపు, దాని వెనకే పళ్లెం నిండా అన్నం వచ్చాయి. నాన్న మొహం విచ్చుకుంది. మర్నాడు పొద్దున అల్ఫామా పేట మెట్లు ఎక్కుతుంటే మాత్రం సగంలో అమ్మ మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. పైన ఇంకా ఎన్ని మెట్లున్నాయో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అమ్మావాళ్లు జర్మనీలో మా ఇంటికి మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పటి సంగతి ఇది. అంతకుముందు స్నేహితులతో ఈ రెండు ఊళ్లూ తిరిగాను. అమ్మావాళ్లతో వెళ్తే ఇవే ఊళ్లు నాకు వేరే ఊళ్లలా కనబడ్డాయి. అందుకే "మాడ్రిడ్ బాగుంటుందా, లిస్బన్ బాగుంటుందా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది "ఎవరితో వెళ్తున్నారు?" అని. తిండి కోసం, పాట కోసం, చిత్రకారుల బొమ్మల కోసం, వీధి సందడి కోసం యూరప్‌లో ఒక రాజధాని చూడాలనుకునేవాళ్లకి ఈ రెండూ మంచివే. తేడా అంతా మీ కాళ్లలో, మీ కడుపులో, మీరు నిద్రపోయే వేళలో ఉంది.

భోజనాల వేళ

మాడ్రిడ్‌లో మధ్యాహ్న భోజనం రెండింటికి మొదలై నాలుగు దాకా సాగుతుంది. రాత్రి భోజనం తొమ్మిదికి మొదలైతే తొందరగా మొదలైనట్టు. మధ్యలో ఖాళీ కడుపుతో ఉండరు. ఒక చోట నిలబడి రెండు ముక్కలు తిని, పక్క సందులో ఇంకో చోట ఇంకో రెండు ముక్కలు తింటారు. దీన్నే తపాస్ అంటారని మీరు వినే ఉంటారు. లా లాతీనా పేటలో కావా బాహా అనే వీధి మొత్తం ఈ పనికోసమే ఉన్నట్టుంటుంది. స్నేహితులతో వెళ్లినప్పుడు ఆ వీధిలో రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా నడుస్తూ తిన్నాం. నా జీవితంలో అంత హుషారైన భోజనం ఇంకోటి లేదు. అదే వీధికి అమ్మావాళ్లని తీసుకెళ్తే కూర్చోడానికి కుర్చీ దొరకలేదు.

దీనికి మందు ఉంది. మాడ్రిడ్‌లో పెద్దవాళ్లు ఉంటే మధ్యాహ్న భోజనాన్నే అసలు భోజనం చేసుకోండి. పనిదినాల్లో దాదాపు ప్రతి హోటల్లో "మెనూ దెల్ దీయా" ఉంటుంది. మొదట ఒక వంటకం, తర్వాత ఒక వంటకం, రొట్టె, తాగడానికేదైనా, చివర తీపో కాఫీయో, అన్నీ కలిపి ఒకే ధర. సుమారు 15 యూరోల్లో కడుపు నిండుతుంది. రాత్రికి గదిలో పళ్లూ పెరుగూ చాలు. అందుకే మాడ్రిడ్‌లో వంటగది ఉన్న గదే తీసుకోమంటాను.

లిస్బన్ వాళ్లు మనకి కాస్త దగ్గర. మధ్యాహ్నం పన్నెండున్నరకి తింటారు, రాత్రి ఏడున్నర, ఎనిమిదికి కూర్చుంటారు. వేళ ఒక్కటి కుదిరితే పెద్దవాళ్లతో ప్రయాణంలో సగం చికాకు తీరినట్టే. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి.

కంచంలో ఏముంటుంది

పోర్చుగీసువాళ్లు అన్నం తినే జనం. యూరప్‌లో బియ్యం బాగా వాడే దేశాల్లో వాళ్లు ముందుంటారు. మామూలు భోజనం అడిగితే ఒకే పళ్లెంలో అన్నమూ, బంగాళదుంప వేపుడూ కూడా పెట్టేస్తారు. టమాటా అన్నం, చిక్కుడు గింజల అన్నం, ఆల్చిప్పలూ రొయ్యలూ వేసి పులుసులా వండిన అన్నం, అన్నీ ఉంటాయి. చివర్లో తీపి కూడా అన్నమే. పాలూ చక్కెరా పోసి వండి, పైన దాల్చినచెక్క పొడి చల్లిన "అరోష్ దోస్". అమ్మ ఒక చెంచా తిని, "ఏలకులు వేస్తే మన పరమాన్నమే" అంది.

చేప తినేవాళ్లకి లిస్బన్ స్వర్గం. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప, వాళ్ల భాషలో బకల్యావ్, వాళ్లకి ప్రాణం. ఎండుచేప అంటే ఏమిటో మన కోస్తావాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే వాళ్లు దాన్ని రోజుల తరబడి నీళ్లు మార్చి నానబెట్టి ఉప్పు తీసేస్తారు కాబట్టి వాసన మనంత ఉండదు. చీలికలు చేసి, సన్నటి బంగాళదుంప వేపుడుతో, గుడ్డుతో కలిపి చేసే "బకల్యావ్ ఆ బ్రాష్"తో మొదలుపెట్టండి. కారం చాలకపోతే "పిరి-పిరి" అని అడగండి. మిరపకాయలు నానబెట్టిన నూనె సీసా తెచ్చి పెడతారు.

శాకాహారులకి ఒక ముద్దొచ్చే వంటకం ఉంది: "పెషీన్యుష్ ద ఓర్త". పేరుకి అర్థం "తోటలోని చిన్న చేపలు". చేప పేరే గాని చేప ఉండదు. పచ్చి బీన్స్‌ని పిండిలో ముంచి నూనెలో వేయించినవి, అచ్చం మన బజ్జీలు. జపాన్‌లో టెంపురా పుట్టింది ఈ పద్ధతి నుంచేనని చెబుతారు. ప్రతి చిన్న హోటల్లో కూరగాయల సూపు దొరుకుతుంది, మెత్తగా రుబ్బి చేస్తారు, పళ్లు లేని తాతగారికి కూడా హాయి. ఆకుకూరతో చేసే "కాల్దు వెర్ద్" సూపులో మాత్రం పంది సాసేజి ముక్క వేస్తారు, ముందే వద్దనండి. సమోసాని పోలిన "షమూస" చాలా కాఫీ కొట్ల అద్దాల వెనక కనిపిస్తుంది. గోవా, మొజాంబిక్ దారుల్లో అక్కడికి చేరిన మన తిండే అది. కనబడగానే ఉత్సాహపడి కొనకండి, చాలావాటిలో మాంసం ఉంటుంది.

ఇంకో సంగతి. లిస్బన్‌లో కూర్చోగానే అడక్కుండా రొట్టె, ఆలివ్ కాయలు, జున్ను తెచ్చి ముందు పెడతారు. అది ఊరికే ఇచ్చేది కాదు, ముట్టుకుంటే బిల్లులో పడుతుంది. వద్దంటే నవ్వుతూనే తీసేస్తారు, మొహమాటపడక్కర్లేదు. సగం పళ్లెం కావాలంటే "మెయా దోజ్" అనండి, చాలాచోట్ల ఇద్దరు పెద్దవాళ్లకి అదే సరిపోతుంది.

మాడ్రిడ్‌కి వద్దాం. మాడ్రిడ్ వంటలో పంది మాంసం మన వంటలో కరివేపాకులా ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. హమోన్ అంటే ఉప్పు పట్టించి నెలల తరబడి ఆరబెట్టిన పంది తొడ. కొట్ల పైకప్పులకి వేలాడుతూనే ఉంటుంది. మాంసం లేకుండా అని అర్థం వచ్చే మాట ఒక్కటీ చెబితే చాలదు. హమోన్ తురుముని చాలామంది మాంసం కింద లెక్కేయరు. కాబట్టి "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" అని మూడూ చెప్పండి. చివరి మాట ట్యూనా చేప గురించి, ఎందుకంటే మామూలు సలాడ్‌లో కూడా అది వేసేస్తారు. క్రోకెతాస్ అనే బూరెల్లాంటి వేపుళ్లలో కూడా లోపల హమోన్ ఉండటమే ఎక్కువ.

ఇవన్నీ దాటాక దొరికేవి మాత్రం చాలా బాగుంటాయి. బంగాళదుంప, గుడ్డు కలిపి అరచేయి మందాన వేసే తోర్తీయా అట్టు. వేసవిలో గస్పాచో, అంటే పచ్చి టమాటాల చల్లటి పులుసు. బంగాళదుంప ముక్కల మీద ఎర్రటి సాస్ పోసిన బ్రావాస్. దాన్ని స్పానిష్‌వాళ్లు కారమంటారు, మనకి తియ్యగానే ఉంటుంది. గలీసియా నుంచి వచ్చే పద్రోన్ మిరపకాయలు తప్పకుండా తినండి. చిన్న పచ్చిమిరపకాయల్ని నూనెలో వేయించి రాతి ఉప్పు చల్లి ఇస్తారు. పదింట్లో తొమ్మిది చప్పగా ఉంటాయి, ఒకటి మాత్రం మండుతుంది, ఏది మండుతుందో తినేదాకా తెలియదు. మా నాన్న రెండు పళ్లేలు తినేశారు, మండే కాయ కోసం వెతుక్కుంటూ.

మాంసం తినేవాళ్లు చలికాలంలో వెళ్తే కొసీదో తినాలి. శనగలు, కూరగాయలు, మాంసాలు గంటల తరబడి ఉడికించి, ముందు ఆ రసంతో సూపు, తర్వాత శనగలూ కూరలూ, చివర మాంసాలు, ఇలా విడతలుగా వడ్డిస్తారు. 1870లో మొదలైన లా బోలా అనే హోటల్లో ఇప్పటికీ మట్టికుండల్లో బొగ్గు సెగ మీద వండుతారు. 1725 నుంచి నడుస్తున్న బొతీన్ ప్రపంచంలోనే అతి పాత రెస్టారెంటని గిన్నిస్‌లో ఉంది. అక్కడి ప్రత్యేకత పంది పిల్ల వేపుడు. అది తినని వాళ్లు ఆ పేరు కోసం క్యూలో నిలబడక్కర్లేదు. నాకైతే పుయెర్తా దెల్ సోల్ కూడలి పక్కన 1860 నుంచి ఉన్న కాసా లాబ్రాలో నిలబడి తిన్న కాడ్ చేప బజ్జీ ఎక్కువ నచ్చింది. స్పెయిన్ సోషలిస్టు పార్టీ 1879లో పుట్టింది ఆ గోడల మధ్యే.

తీపి సంగతికొస్తే రెండు ఊళ్లూ సమానమే. మాడ్రిడ్‌లో చూరోస్‌ని సరిగ్గా మన జంతికల గొట్టం లాంటి దాంతోనే నూనెలోకి ఒత్తుతారు, చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. 1894 నాటి సాన్ హినేస్ కొట్టు దీనికి పేరుపడింది. లిస్బన్‌లో బెలేం పేటలో 1837 నుంచి చేస్తున్న గుడ్డు పచ్చసొన మీగడ తీపి ఉంటుంది. వేడిగా తినాలి, దాల్చినచెక్క పొడి చల్లుకుని. గుడ్డు తినని వాళ్లకి చూరోస్ నయం.

గుడ్డు కూడా ముట్టనివాళ్లకి నిజం చెబుతున్నాను, రెండూ కష్టమే. ఆసరా ఏమిటంటే మాడ్రిడ్‌లో లావాపియెస్ పేటలో, లిస్బన్‌లో మార్టిం మొనీజ్ చుట్టుపక్కల భారతీయ, బంగ్లాదేశీ కొట్లూ హోటళ్లూ వరసగా ఉన్నాయి. పప్పు, బియ్యం, పచ్చిమిర్చి, కొత్తిమీర అన్నీ దొరుకుతాయి. లిస్బన్‌లో మొజాంబిక్ నుంచి వచ్చిన గుజరాతీ కుటుంబాలు కట్టుకున్న రాధాకృష్ణ మందిరం కూడా ఉంది.

నడక, మోకాళ్లు

లిస్బన్‌ని ఏడు కొండల ఊరంటారు. ఏడు కొండలంటే మనకి గుర్తొచ్చేది వేరే అయినా, ఎక్కే కష్టం మాత్రం నిజం. పైగా కాలిబాటలన్నీ నున్నటి సున్నపురాళ్లు పరిచినవి. వాన పడితే జారతాయి. చెప్పులేసుకుని నడవద్దు, పట్టు ఉన్న బూట్లు ఉండాలి.

అల్ఫామా మెట్ల అనుభవం తర్వాత నేను నేర్చుకున్నవి చెబుతాను. కింద ఉన్న బైషా పేట నుంచి పైన ఉన్న షియాదుకి నడిచి ఎక్కొద్దు. బైషా-షియాదు మెట్రో స్టేషన్‌లో కింద గుమ్మంలో దూరి ఎస్కలేటర్లు ఎక్కుతూ పోతే పైపేటలో తేలతారు. కోట వైపు వెళ్లాలంటే ఫాంకైరుష్ వీధిలో ఒక భవనంలో ఉచిత లిఫ్టు ఉంది, అది సగం ఎత్తుకి చేరుస్తుంది. అదీ వద్దనుకుంటే ఫిగైరా కూడలిలో 737 బస్సు ఎక్కితే కోట దగ్గర దించుతుంది. ఫోటోల్లో కనబడే పసుపుపచ్చ 28 నంబరు ట్రామ్ మీద ఆశ పెట్టుకోకండి. పెద్దవాళ్లకి సీటు దొరకదు, జేబు దొంగలకి అది ఇష్టమైన చోటు. పొద్దున ఎనిమిదిలోపు వెళ్లగలిగితేనే ఎక్కండి. బస కూడా బైషాలోనో, ఇంకా ఉత్తరాన చదునుగా ఉండే కొత్త పేటల్లోనో తీసుకోండి. అల్ఫామాలో గది ఎంత అందంగా కనబడినా సూట్‌కేసు మోసేది మీరే.

మాడ్రిడ్ సముద్రానికి సుమారు 650 మీటర్ల ఎత్తులో ఉన్నా ఊళ్లో నడక తేలిక. వాలులు ఉన్నాయి గాని మెట్ల బాధ లేదు. చూడాల్సినవన్నీ దగ్గర దగ్గర. పుయెర్తా దెల్ సోల్ నుంచి ప్లాసా మయోర్, అక్కడి నుంచి రాజభవనం, ఇంకో పక్క మ్యూజియాలు, వాటి వెనక 125 హెక్టార్ల రెతీరో తోట. తోటలో బెంచీలు, నీడ. అమ్మ అక్కడ రెండు గంటలు కూర్చుని పడవలు చూసింది, ఆ రోజే ఆమెకి బాగా నచ్చిన రోజు.

కళ్లకి ఏది

ఇక్కడ నాకు సందేహం లేదు. బొమ్మలంటే ప్రాణమైతే మాడ్రిడ్‌కే వెళ్లండి, మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టండి. ప్రాదో, రేనా సోఫీయా, తీసెన్ అనే మూడు మ్యూజియాలూ నడిచిపోయేంత దూరంలో ఉన్నాయి. అవి ఉన్న ఆ రహదారినీ, రెతీరోనీ కలిపి 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రాదో 1819లో తెరిచారు. అందులో వెలాస్కెస్ 1656లో వేసిన లాస్ మెనీనాస్ ముందు నిలబడితే, చిత్రకారుడు తన బొమ్మలోంచి మనల్నే చూస్తుంటాడు. వెనక అద్దంలో రాజూ రాణీ కనబడతారు. అంటే వాళ్లు నిలబడిన చోటే మనం నిలబడ్డామన్నమాట. నాన్నకి ఇది చెప్పగానే ఒకడుగు పక్కకి జరిగారు. కింద గోయా ముసలితనంలో, చెవుడు వచ్చాక, సొంత ఇంటి గోడల మీద వేసుకున్న నల్లటి చిత్రాలు 14 ఉన్నాయి. తర్వాత వాటిని గోడల నుంచి తీసి కాన్వాసుకి ఎక్కించారు. వాటిలో ఒక కుక్క తల మాత్రమే పైకి కనబడే బొమ్మ ఉంది, మిగతాదంతా ఖాళీ. అంత తక్కువ గీసి అంత దిగులు పెట్టిన బొమ్మ నేను ఇంకెక్కడా చూడలేదు.

పికాసో వేసిన గెర్నికా బొమ్మ రేనా సోఫీయాలో ఉంది. 1937 ఏప్రిల్ 26న గెర్నికా అనే స్పెయిన్ ఊరి మీద బాంబులు పడ్డాయి, అదే ఏడాది పికాసో ఈ బొమ్మ వేశాడు. స్పెయిన్‌లో ప్రజల హక్కులు తిరిగొచ్చేదాకా దీన్ని పంపొద్దన్నాడు. అది న్యూయార్క్ నుంచి స్పెయిన్ చేరింది 1981లో, అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్లు. దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు. పుస్తకంలో చూసి తెలుసనుకున్నది అక్కడ తెలియనిదైపోతుంది.

డబ్బు మాట. ప్రాదో టికెట్ 15 యూరోలు. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఊరికే వదులుతారు, ఆదివారం ఐదు నుంచి ఏడు. క్యూ పొడుగ్గా ఉంటుంది, పెద్దవాళ్లని ఎండలో నిలబెట్టి ఆ 15 యూరోలు మిగుల్చుకోవద్దని నా మనవి. రేనా సోఫీయాకి మంగళవారం సెలవు.

లిస్బన్‌లో బొమ్మలు గోడల మీదే, ఇళ్ల బయటే ఉన్నాయి. నీలం, తెలుపు పలకలు పరిచిన గోడలు, అజులేజు అంటారు. ఆ పలకలకే ఒక జాతీయ మ్యూజియం ఉంది. 1755 నవంబర్ 1 భూకంపం ఊరిని కూల్చకముందు లిస్బన్ ఎలా ఉండేదో చూపే 20 మీటర్లకి పైబడ్డ పలకల చిత్రం అందులో ఉంది. మరమ్మతులకి మూసిపెడుతుంటారు, తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్లండి. ఆ భూకంపపు గుర్తు ఇంకోటి షియాదు పక్కన కార్మో మఠం. పైకప్పు కూలిపోతే అలాగే వదిలేశారు, కమానుల మధ్య ఆకాశం కనబడుతుంది.

చెవులకి ఏది

ఫ్లమెంకో అనే పాటా నాట్యం మాడ్రిడ్‌లో పుట్టలేదు, దక్షిణాన ఆండలూసియాది. కానీ మంచి కళాకారులు రాజధానికి చేరడం అన్ని దేశాల్లో ఉన్నదే. 1956లో మొదలైన కొర్రాల్ దె లా మొరెరీయా లాంటి వేదికలు ఇప్పటికీ నడుస్తున్నాయి. గంటసేపు ప్రదర్శన, చెక్క మీద పాదాల దెబ్బలు గుండెకి తగులుతాయి. కూచిపూడి చూసిన కళ్లకి ఆ పాదాల లెక్క వెంటనే అందుతుంది. తాళం వేసే చప్పట్లు కూడా అంతే.

ఫాదో అనే పాట లిస్బన్ సొంతం. ఈ ఊరి పేదపేటల్లో 19వ శతాబ్దంలో పుట్టింది. ఒక గొంతు, 12 తీగల పోర్చుగీసు గిటార్, ఇంకో మామూలు గిటార్. పాట మొదలయ్యే ముందు దీపాలు తగ్గిస్తారు, వడ్డన ఆపేస్తారు, ఎవరూ మాట్లాడకూడదు. మేం వెళ్లిన చోట వంటామె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి రెండు పాటలు పాడి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు, "ఎవరో సముద్రం మీద పోయి రాలేదు కదూ?" అని అడిగింది. తర్వాత పక్క బల్లవాళ్లని అడిగితే అవునన్నారు.

ఈ రెంటిలో నా ఓటు ఫాదోకే. ఫ్లమెంకో ఇంకో ఊళ్లో ఇంకా బాగా చూడొచ్చు, ఫాదోకి లిస్బన్‌కే రావాలి. ఫాదో గాయని అమాలియా రొద్రిగెష్ పాటలు నాలుగు ముందే విని వెళ్లండి. భోజనంతో కలిపి ఒక్కొక్కరికి 40, 50 యూరోలు అవుతుంది.

మనకి మాత్రమే కనబడేది

లిస్బన్‌లో ఏ స్పెయిన్ ఊరూ ఇవ్వలేనిది ఒకటుంది. హోటల్ గదిలో తువ్వాలు కావాలంటే వాళ్లు "తుఆల్య" అంటారు. మన మాట అక్కడినుంచి వచ్చిందే. అల్మారా, మేస్త్రి, పాదిరి, అనాస అన్నీ అంతే. బజారులో అనాసపండు పక్కన చీటీ మీద "అననాష్" అని చదివి నాన్న ఊళ్లో బోర్డులన్నీ చదవడం మొదలుపెట్టారు. మిరపకాయ మన నేలకి చేరింది కూడా వీళ్ల ఓడల్లోనే. గుంటూరు ఘాటుకి దారి ఇటునుంచే పడింది.

బెలేంలో జెరోనిమోస్ మఠం గుమ్మంలో అడుగుపెట్టగానే వాస్కో డ గామా సమాధి ఉంటుంది. 1498లో కాలికట్ చేరినవాడు. 1502లో రెండోసారి వస్తూ మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని మనుషులతో సహా తగలబెట్టినవాడు కూడా అతనే. రాతి మీద ఆ చెక్కడం పని ఎంత అందమో చెప్పలేను. ఆ అందం ముందు నిలబడి రెండో సంగతి మర్చిపోవడం నా వల్ల కాలేదు, మర్చిపోవాలనీ లేదు. పిల్లలతో వెళ్తే రెండూ చెప్పండి.

మిగతావి చకచకా

వాతావరణం: జులై, ఆగస్టుల్లో మాడ్రిడ్ వద్దు. 35 డిగ్రీలు దాటుతుంది, ఇంటివాళ్లే నడిపే మంచి హోటళ్లు చాలా ఆగస్టులో మూసి ఊళ్లకి పోతాయి. ఏప్రిల్, మే, అక్టోబర్ బాగుంటాయి. మే 15న సాన్ ఇసీద్రో పండగ. లిస్బన్ వేసవి సముద్రగాలి వల్ల నయం, నవంబర్ నుంచి జనవరి దాకా వానలు. జూన్ 12 రాత్రి సెయింట్ ఆంటోనీ పండగకి ఊరంతా వీధుల్లో సార్డీన్ చేపలు కాలుస్తారు. చేప ఇష్టమైతే అదే రాత్రికి వెళ్లండి, వాసన పడకపోతే ఆ వారం తప్పించుకోండి.

ఒకరోజు పక్క ఊరు: ఇక్కడ మాడ్రిడ్ గెలుస్తుంది. రైల్లో సుమారు అరగంటలో తొలేదో, ఇంకో వైపు అరగంటలోపే సెగోవియా. సెగోవియాలో సున్నం లేకుండా పేర్చిన రోమన్ రాతి కాలువ చూస్తే నోట మాట రాదు. తొలేదో కొండ మీద ఉన్నా ఎక్కడానికి ఎస్కలేటర్లు పెట్టారు. లిస్బన్ నుంచి రొస్సియు స్టేషన్‌లో రైలెక్కితే 40 నిమిషాల్లో సింట్రా, అందమే గాని జనం విపరీతం, అక్కడి పేనా రాజభవనానికి వేళతో సహా టికెట్ ముందే కొనాలి.

ఖర్చు: తిండి లిస్బన్‌లో కొంచెం చవక, గదులు ఇప్పుడు అక్కడా చవక కాదు. విమానాశ్రయం నుంచి రెండు ఊళ్లలోనూ మెట్రో ఉంది.

నా సలహా

స్నేహితులతో, మాంసాహారులై, రాత్రి ఒంటిగంట దాకా మేలుకోగలిగితే మాడ్రిడ్. బొమ్మల కోసమైతే ఎవరితోనైనా మాడ్రిడ్. కొత్తగా పెళ్లైనవాళ్లు అడిగితే లిస్బన్ అంటాను, సాయంత్రం నది మీద వెలుతురు కోసం.

అమ్మానాన్నలతో అయితే చాలా ఆలోచించి లిస్బన్ అంటున్నాను. కాళ్ల కష్టానికి ఉపాయాలున్నాయి. ఎస్కలేటర్, లిఫ్టు, బస్సు, అవసరమైతే టాక్సీ. ఆకలి రోజుకి మూడుసార్లు వస్తుంది, ప్రతిసారీ "ఇందులో హమోన్ ఉందా?" అని అడగాల్సి వస్తే మూడోరోజుకి వాళ్లు ఏమీ వద్దనడం మొదలుపెడతారు. పిల్లలకి ఖర్చు, శ్రమ అని వాళ్లు నోరు విప్పి చెప్పరు కూడా. అయితే చేతికర్ర వాడేవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే మాత్రం మాడ్రిడ్‌కే వెళ్లండి. వంటగది ఉన్న ఇల్లు, లావాపియెస్‌లో బియ్యం, పప్పు, మధ్యాహ్నం ప్రాదో, సాయంత్రం రెతీరో.

రెండూ చూడాలంటే ఐదు రోజులు చాలవు, తొమ్మిదైనా కావాలి. పటంలో పక్కపక్కనే ఉన్నా మధ్యలో నేరుగా రైలు లేదు. రాత్రి రైలుండేది, 2020లో ఆగిపోయింది. బస్సు ఎనిమిది గంటలు పడుతుంది, విమానమైతే గంటన్నర లోపు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే పెట్టుకోవాలి. సమానంగా ఉంటే ముందు దిగే దేశానికి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి, మే నెలకి వెళ్లాలంటే సంక్రాంతి కాగానే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టండి.